మౌత్‌వాష్ ఎవరికి, ఏది, ఎప్పుడు: నెల్లూరు, ప్రకాశం వాళ్ళ కోసం

పొదిలిలో మెడికల్ షాపులో పనిచేస్తాను కాబట్టి "అన్నా, మంచి మౌత్‌వాష్ ఒకటి ఇవ్వు" అనే మాట తరచూ వింటాను. ఇవ్వడం తేలికే, అరలో నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో సీసాలు ఉంటాయి, చేతికి అందింది తీసి ఇస్తే పని అయిపోతుంది. కానీ నేను ముందు ఎందుకు కావాలో అడుగుతాను. నోరు వాసన వస్తోందా, తోముకునేటప్పుడు చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోందా, పన్ను పీకించుకుని వచ్చారా, లేకపోతే పిల్లోడి పళ్ళ మీద గోధుమరంగు చారలు పోవాలనా? ఈ నాలుగింటికీ నాలుగు జవాబులు. చివరిదానికైతే మౌత్‌వాష్ అసలు జవాబే కాదు. అడక్కుండా ఇచ్చేస్తే డబ్బులు పోవడం ఒక్కటే కాదు, అసలు జబ్బు ఆ పుదీనా వాసన చాటున పెరుగుతూ ఉంటుంది, నా బాధంతా అదే. అందుకే కౌంటర్ దగ్గర నిలబెట్టి చెప్పలేనంత వివరంగా ఇక్కడ రాస్తున్నా.

ముందు బ్రష్, తర్వాతే సీసా

పళ్ళ మీద పేరుకునే పాచి అంటే తిండి మిగులు ఒక్కటే కాదు. సూక్ష్మజీవులు జిగురు లాంటి పదార్థాన్ని తయారుచేసుకుని పొరలు పొరలుగా పన్నుకు అతుక్కుని ఉంటాయి. పుక్కిలించే మందు ఆ పై పొరను తాకి వెళ్ళిపోతుంది, అడుగుదాకా దిగదు. చేపల పులుసు కాచిన దాకను తోమకుండా సబ్బునీళ్ళు పోసి తిప్పి పారబోస్తే ఎంత శుభ్రమవుతుందో, బ్రష్ చేయకుండా మౌత్‌వాష్ పుక్కిలిస్తే నోరూ అంతే శుభ్రమవుతుంది. పాచిని రోజూ తీయకపోతే కొన్ని రోజుల్లోనే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరి గట్టిపడి గార అవుతుంది. గార కట్టాక బ్రష్‌కు పోదు, మార్కెట్లో ఉన్న ఏ మౌత్‌వాష్‌కూ కరగదు, డాక్టరు స్కేలింగ్ చేసి, అంటే పరికరంతో గీకి తీయాల్సిందే.

ఈ స్కేలింగ్ దగ్గర మన వాళ్ళకు ఒక భయం ఉంది, చేయించుకుంటే పళ్ళు కదులుతాయని, సందులు పడతాయని. సందులు అప్పటికే పడి ఉంటాయి, వాటిని గార పూడ్చేసి ఉంటుంది, అది తీసేసరికి బయటపడతాయి, అంతే. చిగురు తగ్గి, కింద ఎముక కరిగి, గార ఆధారంతో నిలబడిన పన్ను ఉంటే అది తీశాక కదిలినట్టు తెలుస్తుంది, ఆ నష్టం చేసింది గార కానీ స్కేలింగ్ కాదు. ఈ భయంతో ఏళ్ళ తరబడి మౌత్‌వాష్‌తో నెట్టుకొస్తున్న వాళ్ళను చూస్తుంటే నిజంగా బాధేస్తుంది.

కాబట్టి సీసా కొనే ముందు ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి: మెత్తని కుచ్చు ఉన్న బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్, నాలుక బద్ద. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు తోముకోవాలి. పాచినోటితో టీ తాగితే ఒప్పుకోని ఇళ్ళల్లో కూడా రాత్రి తోముకుని పడుకునే అలవాటు కనపడదు, నిజానికి రాత్రిదే ఎక్కువ అవసరం, ఎందుకంటే నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది, పళ్ళను కడిగే సహజమైన నీళ్ళు అవే, అవి లేనప్పుడు సూక్ష్మజీవులకు అడ్డే ఉండదు. పళ్ళ సందుల్లోకి బ్రష్ కుచ్చు దూరదు, అక్కడికి ఫ్లాస్ దారం గానీ, సందులు పెద్దవైతే సన్నని ఇంటర్‌డెంటల్ బ్రష్ గానీ వాడాలి. నాలుక వెనక భాగాన్ని బద్దతో నెమ్మదిగా, వెనక నుంచి ముందుకు గీకాలి. నోరు వాసనల్లో పదింటికి ఎనిమిదో తొమ్మిదో నోట్లోనే పుడతాయి, అందులో పెద్ద వాటా నాలుక వెనక తెల్లగా పేరుకునే పొరది. అక్కడి సూక్ష్మజీవులు మాంసకృత్తులను విరగ్గొట్టి గంధకం ఉన్న వాయువులు వదులుతాయి, కుళ్ళిన గుడ్డు వాసన ఇచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాటిలో ఒకటి. చాలా మందికి నాలుక బద్ద సరిగ్గా వాడితేనే సగం సమస్య తీరిపోతుంది, మౌత్‌వాష్ దాకా రావాల్సిన పనే ఉండదు.

పల్లెల్లో వేపపుల్ల, కానుగపుల్ల ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వేపపుల్లతో నాకు పేచీ లేదు, కానీ దాంట్లో ఫ్లోరైడ్ ఉండదు, లోపలి దవడ పళ్ళ వెనక వైపుకు సరిగా చేరదు, గట్టిగా రుద్దితే చిగురు గీసుకుంటుంది. బొగ్గు, కచ్చిక, ఇటుకపొడి మాత్రం మానేయండి. అవి పన్ను పైన ఉండే గట్టి పొర ఎనామిల్‌ను అరగదీస్తాయి, అరిగాక చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది, అప్పుడు మౌత్‌వాష్ అడిగితే ఇవ్వగలను గానీ అరిగిపోయిన ఎనామిల్‌ను అది తిరిగి తెచ్చిపెట్టలేదు.

సీసా వెనక రాసింది చదవండి

ముందు వైపు బొమ్మలు, తళతళలు వదిలేయండి. వెనక చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది, చూపు ఆనకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి.

రుచి, రంగు, పుదీనా చల్లదనం తప్ప మందేమీ లేని సీసాలు కొన్ని ఉంటాయి. పెళ్ళికి వెళ్ళే ముందు పుక్కిలిస్తే కాసేపు నోరు హాయిగా ఉంటుంది, అంతవరకే. తప్పు లేదు, కానీ చిగుళ్ళ జబ్బుకు వాటిని నమ్ముకోకూడదు.

సీపీసీ అని పొట్టిగా పిలిచే సెటైల్‌పిరిడినియం క్లోరైడ్ ఉన్నవి రోజువారీ వాడకానికి దొరికే వాటిలో ఒక రకం. సాధారణంగా 0.05 నుంచి 0.07 శాతం ఉంటుంది. బ్రష్‌కు తోడుగా వాడితే పాచి, చిగుళ్ళ వాపు కొంత తగ్గిస్తుంది, వాసనకూ పనికొస్తుంది. కొందరికి పళ్ళ మీద కొద్దిగా మరక వస్తుంది.

ఇంకో రకం నూనెల సారాలు ఉన్నది, లిస్టరిన్ ఈ కోవకు చెందిందే, 1879 నుంచి ఉన్న మందు. అందులో థైమాల్, యూకలిప్టాల్, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ ఉంటాయి. థైమాల్ అంటే కొత్తదేం కాదు, మన ఇంట్లో వాముకు ఆ ఘాటు వాసన ఇచ్చేది అదే, యూకలిప్టాల్ నీలగిరి తైలంలో ఉండేది. ఇవీ పాచి మీద బాగానే పనిచేస్తాయి, అయితే పాత రకాల్లో 20 శాతానికి పైగా ఆల్కహాల్ ఉంటుంది, నోరు మండుతుంది, ముందే నోరు ఎండిపోయే వాళ్ళకు ఇంకా ఎండినట్టు ఉంటుంది. ఇప్పుడు ఆల్కహాల్ లేనివి దొరుకుతున్నాయి. మతపరంగా ఆల్కహాల్ తాకని వాళ్ళు, తాగుడు మానేసి నిలదొక్కుకుంటున్న వాళ్ళు, నోట్లో పుండ్లు ఉన్న వాళ్ళు అవే అడిగి తీసుకోవాలి. ఇంకో సంగతి, పంటి వాపుకు డాక్టర్లు మెట్రోనిడజోల్ మాత్రలు రాస్తుంటారు, ఆ కోర్సు నడిచేటప్పుడు ఆల్కహాల్ వద్దని చెప్తారు, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా ఆ రోజుల్లో పక్కన పెట్టడమే మంచిది.

ఇక క్లోర్‌హెక్సిడిన్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువగా తప్పుగా వాడేది దీన్నే. ఇది చాలా బలమైన మందు, మన దగ్గర ఎక్కువగా 0.2 శాతంలో దొరుకుతుంది. చిగుళ్ళకు ఆపరేషన్ అయ్యాక, చిగుళ్ళు బాగా వాచి బ్రష్ పెట్టలేనప్పుడు, దవడకు దెబ్బ తగిలి వైర్లు కట్టినప్పుడు డాక్టరు రాస్తారు. మామూలుగా 10 మిల్లీలీటర్లు, ఒక నిమిషం, రోజుకు రెండుసార్లు. పుక్కిలించి ఉమ్మేశాక కూడా పన్నుకు, నోటి పొరకు అంటుకుని గంటల తరబడి మెల్లగా పనిచేస్తూ ఉండటం దీని బలం. అదే గుణం వల్ల ఇబ్బందులూ ఉన్నాయి: పళ్ళ మీద, నాలుక మీద గోధుమరంగు మరక పడుతుంది, రుచి మారిపోతుంది, ముఖ్యంగా ఉప్పు సరిగా తెలియదు, గార కూడా కొంచెం త్వరగా కడుతుంది. కూరలో ఉప్పు తక్కువైందని ఇంట్లో వాళ్ళ మీద విసుక్కునే ముందు ఏ మౌత్‌వాష్ వాడుతున్నారో చూసుకోండి. డాక్టరు ఎన్ని రోజులు చెప్తే అన్ని రోజులే, ఎక్కువగా రెండు వారాలు రాస్తారు. సీసా అయిపోగానే "అదే ఇంకోటి ఇవ్వు" అని నెలల తరబడి వాడేసి, మరకలు పడ్డాక వాటిని పోగొట్టడానికి మరో మౌత్‌వాష్ అడిగే వాళ్ళు ఉన్నారు, ఆ మరక పళ్ళ డాక్టరు దగ్గర పాలిషింగ్ చేయిస్తే పోతుంది తప్ప పుక్కిలిస్తే పోదు. టీ, కాఫీ ఆ మరకను ముదిరేలా చేస్తాయి. పుక్కిలించాక టీ తాగే బదులు, టీ తాగి, నీళ్ళతో నోరు కడుక్కుని, కొంచెం ఆగి పుక్కిలించండి. చాలా అరుదుగా కొందరికి క్లోర్‌హెక్సిడిన్ పడదు, పెదవులు, ముఖం వాచినా, దద్దుర్లు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.

పొవిడోన్ అయోడిన్ అనే ముదురు గోధుమరంగు మందు గొంతు నొప్పికి, నోటి పుండ్లకు కొన్నాళ్ళు వాడేది. రోజూ వాడేది కాదు. థైరాయిడ్ ఉన్న వాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడక్కుండా ముట్టుకోవద్దు.

ఫ్లోరైడ్ ఉన్న మౌత్‌వాష్, మన నీళ్ళు

వేరే ఊళ్ళ వాళ్ళ కోసం రాసిన సలహాలు మనకు పూర్తిగా సరిపోనిది ఇక్కడే. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు గురించి వైద్యులు మొదటిసారి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా గురించే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, 1970లో కొత్త జిల్లా (తర్వాత దానికే ప్రకాశం అని పేరు పెట్టారు) అయ్యాక అందులోకి వచ్చాయి. కనిగిరి, పామూరు, మర్రిపూడి, కొనకనమిట్ల, అటు నెల్లూరు వైపు ఉదయగిరి, వరికుంటపాడు మెట్ట ఊళ్ళ బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన దేశ ప్రమాణం. అది దాటిన నీళ్ళు పసితనం నుంచి తాగితే, లోపల పళ్ళు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, ఎనామిల్ సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేసరికే సున్నం పూసినట్టు తెల్ల మచ్చలు, తర్వాత పసుపు, గోధుమరంగు చారలు, ఎక్కువైతే గుంటలు.

ఈ చారలు పైన అంటిన మురికి కాదు, ఎనామిల్ లోపలివి. తెల్లబరిచే మౌత్‌వాష్ ఏదీ వాటిని పోగొట్టదు. పెళ్ళి చూపులు దగ్గరపడ్డాయని అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చి "నాయనా, ఏదో ఒకటి ఇయ్యి, ఈ గార పోవాల" అని అడిగే తల్లులకు నేను సీసా అమ్మను. డెంటిస్టు దగ్గర దానికి వేరే దారులు ఉన్నాయి, పై పొరను సన్నగా రుద్ది తీయడం, బ్లీచింగ్, పంటి రంగు పూత, పైన పల్చని పొర అతికించడం లాంటివి, మచ్చ ఎంత లోతుంటే దానికి తగ్గట్టు చేస్తారు. బొగ్గుతో, ఉప్పుతో గట్టిగా రుద్దితే మచ్చ పోదు, ఉన్న ఎనామిల్ పోతుంది.

మరి ఫ్లోరైడ్ ఉన్న మౌత్‌వాష్ వాడొచ్చా? రోజువారీ రకంలో సోడియం ఫ్లోరైడ్ 0.05 శాతం ఉంటుంది. పన్ను పైనుంచి తగిలే ఫ్లోరైడ్ ఎనామిల్‌ను గట్టిపరుస్తుంది, పిప్పి పళ్ళు రాకుండా ఆపుతుంది, ఇది నిజం. పెద్దవాళ్ళు పుక్కిలించి ఉమ్మేస్తే కడుపులోకి వెళ్ళేది చాలా తక్కువ, పళ్ళు ఎప్పుడో తయారైపోయాయి కాబట్టి కొత్తగా మచ్చలు రావు. పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న కుర్రాళ్ళకు, తరచూ పిప్పి పడే వాళ్ళకు, నోరు ఎండిపోయే వాళ్ళకు డాక్టరు రాస్తే వాడొచ్చు. కానీ చిన్న పిల్లల సంగతి వేరు. ఆరేళ్ళ లోపు పిల్లలకు మౌత్‌వాష్ ఏదీ ఇవ్వకూడదు, ఉమ్మడం సరిగా రాదు, తియ్యగా ఉంటే మింగేస్తారు. బోరు నీళ్ళు తాగే మెట్ట ఊళ్ళల్లో అయితే ఆరు దాటిన పిల్లలకు కూడా ఫ్లోరైడ్ మౌత్‌వాష్ సొంతంగా మొదలుపెట్టొద్దు, ఇంట్లో నీళ్ళు ఎక్కడివో డాక్టరుకు చెప్పి, ఆయన సరేనంటేనే. పేస్ట్ కూడా అంతే, మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆ పైన ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు, టీవీలో చూపించినట్టు బ్రష్ నిండా పామొద్దు, పక్కన నిలబడి ఉమ్మించండి.

ఒంగోలుకు వచ్చే సాగర్ కాలువ నీళ్ళు, నెల్లూరు టౌనుకు వచ్చే పెన్న నీళ్ళు నది నీళ్ళు, వాటిలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువే ఉంటుంది. బోర్లతోనే సమస్య, అదీ పక్క పక్క బోర్లకే తేడా ఉంటుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో నీళ్ళు పరీక్ష చేస్తారు, ఒకసారి చేయించుకోండి. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్వో నీళ్ళలో చాలావరకు పోతుంది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు మెట్ట ఊళ్ళన్నింటికీ చేరిన రోజున ఇక్కడి పిల్లల పళ్ళకు ఏ డాక్టరూ చేయలేనంత మేలు జరుగుతుంది, ఆ కోరిక నాకు చాలా గట్టిగా ఉంది.

పుక్కిలించే పద్ధతి

ఎక్కువ మంది బ్రష్ అవ్వగానే మౌత్‌వాష్ పోసుకుంటారు. అది సరైన సమయం కాదు. మన దగ్గర దొరికే పేస్ట్‌లో ఫ్లోరైడ్ సుమారు 1000 పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు) దాకా ఉంటుంది, రోజువారీ ఫ్లోరైడ్ మౌత్‌వాష్‌లో సుమారు 225. తోముకున్న వెంటనే పుక్కిలిస్తే బలమైనదాన్ని కడిగేసి బలహీనమైనదాన్ని పెట్టుకున్నట్టు అవుతుంది. అసలు బ్రష్ చేశాక నీళ్ళతో కూడా గలగలా కడగకుండా నురగ ఉమ్మేసి ఊరుకోవడం మంచిది, మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, అలవాటైపోతుంది. మౌత్‌వాష్‌ను మధ్యాహ్నం భోజనం తర్వాతకో, సాయంత్రానికో పెట్టుకోండి. క్లోర్‌హెక్సిడిన్‌కు ఈ ఎడం ఇంకా ముఖ్యం, పేస్ట్‌లో నురగ తెప్పించే పదార్థం దాని బలాన్ని తగ్గిస్తుంది, కనీసం అరగంట తేడా ఉండాలి.

మూతలోనే కొలత గీత ఉంటుంది, 10 నుంచి 20 మిల్లీలీటర్ల మధ్య సీసా మీద ఎంత రాస్తే అంత. నీళ్ళు కలపమని రాసి ఉంటే తప్ప కలపకండి, మంట తగ్గుతుందని సగానికి సగం నీళ్ళు పోసుకుంటే మందు పలచబడి పనిచేయదు, మంట భరించలేకపోతే ఆల్కహాల్ లేని రకానికి మారండి. నోట్లో పోసుకుని పెదవులు గట్టిగా మూసి, బుగ్గలు ఉబ్బిస్తూ లోపలికి లాగుతూ, పళ్ళ సందుల్లోంచి అటూ ఇటూ నెట్టాలి, కుడి దవడ, ఎడమ దవడ, ముందు పళ్ళ వెనక, పెదవి లోపల, అన్ని మూలలకూ వెళ్ళాలి. ఎక్కువ వాటికి 30 సెకన్లు, క్లోర్‌హెక్సిడిన్‌కు నిమిషం అని రాస్తారు. నిమిషం మనం అనుకున్నదానికన్నా పొడుగు, ఫోనులో టైమర్ పెట్టుకుని చూడండి, చాలా మంది పది సెకన్లకే ఉమ్మేస్తారు. చివర్లో తల కొంచెం వెనక్కి వంచి 'ఆ' అంటూ గొంతు దగ్గర గలగలలాడిస్తే నాలుక వెనక భాగానికీ తగులుతుంది. ఉమ్మేయండి, మింగొద్దు. ఆ తర్వాత అరగంట నీళ్ళు తాగడం, తినడం, వక్క వేసుకోవడం వద్దు.

కట్టుడు పళ్ళ సెట్టు ఉన్న పెద్దవాళ్ళు సెట్టు తీసి పుక్కిలించాలి, సెట్టును విడిగా బ్రష్‌తో కడగాలి, రాత్రి తీసి నీళ్ళలో ఉంచాలి.

మన తిండి దగ్గర కొన్ని సంగతులు. చేపల పులుసు, చింతపండు రసం, పొదలకూరు నిమ్మకాయ పిండిన సోడా, ఇవన్నీ పులుపు, పులుపు తగిలిన కాసేపు ఎనామిల్ మెత్తబడి ఉంటుంది, వెంటనే బ్రష్ పెడితే అరుగుతుంది. తిన్న వెంటనే మామూలు నీళ్ళతో బాగా పుక్కిలించండి, అరగంట ఆగి తోముకోండి. చేపల నీచు వాసన నోట్లోది, కడిగితే పోతుంది. వెల్లుల్లి వాసన అలా కాదు, అది జీర్ణమై నెత్తురులో కలిసి ఊపిరితిత్తుల నుంచి ఊపిరితో బయటికి వస్తుంది, ఎంత మౌత్‌వాష్ పోసినా పైపైన కప్పుతుంది తప్ప పోదు, గంటలు గడిచేకొద్దీ దానంతట అదే తగ్గుతుంది. వెల్లుల్లి కారంతో ఇడ్లీ తిని ఇంటర్వ్యూకు వెళ్ళొద్దని మా చుట్టాల పిల్లలకు చెప్తుంటాను.

ఇంట్లో దొరికేవి

గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను ఉప్పు. చిగుళ్ళు నొప్పిగా ఉన్నా, నోటి పుండు ఉన్నా, గొంతు గరగరలాడినా ఇది చవకలో మంచి మందు. పన్ను పీకించుకున్న రోజు మాత్రం ఏదీ పుక్కిలించకూడదు, గట్టిగా ఉమ్మకూడదు కూడా, ఆ గుంటలో గడ్డకట్టిన నెత్తురు ఊడిపోతే ఎముక బయటపడి భరించలేనంత నొప్పి వస్తుంది. 24 గంటలు గడిచాక ఉప్పునీళ్ళు మెల్లగా నోట్లో తిప్పి, ఉమ్మకుండా వాటంతట అవే జారిపోయేలా వదిలేయాలి. బీపీ ఉన్న వాళ్ళు మింగొద్దు. ఉప్పునీళ్ళు మంచివే కదా అని బ్రష్‌కు బదులు వాడితే మాత్రం కుదరదు, పాచి అలాగే ఉంటుంది.

నువ్వుల నూనె పుక్కిలించడం ఆయుర్వేదంలో గండూషం, కవలం అన్న పేర్లతో ఉన్న పాత పద్ధతి. నోరు ఎండే వాళ్ళకు హాయిగా ఉంటుంది, పాచి కొంత తగ్గొచ్చు, చేసుకుంటానంటే వద్దనను. ఒంట్లో విషాలన్నీ లాగేస్తుందని, షుగర్ తగ్గిస్తుందని తిరిగే వీడియోలను మాత్రం నమ్మొద్దు. చిన్న పిల్లలతో, మింగడం కష్టమైన ముసలివాళ్ళతో చేయించొద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. ఉమ్మేది సింకులో కాదు, చెత్తబుట్టలో.

మాత్రలు, పొగాకు, ఆలస్యం చేయకూడనివి

షుగర్ ఉన్న వాళ్ళ చిగుళ్ళు త్వరగా పాడవుతాయి, చిగుళ్ళ జబ్బు ఉంటే షుగర్ కూడా అదుపులోకి రావడం కష్టమవుతుంది, రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి. వాళ్ళు మౌత్‌వాష్ కన్నా ముందు ఏడాదికి ఒకటి రెండుసార్లు చిగుళ్ళు చూపించుకోవాలి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి పెరుగుతాయి, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్‌తో కూడా అంతే. అది మౌత్‌వాష్‌తో తగ్గదు. అలా కనపడితే మాత్రలు సొంతంగా మానేయొద్దు, రాసిన డాక్టరుకు చూపించండి, మార్చగలిగితే ఆయనే మారుస్తారు. జలుబు మాత్రలు, నిద్ర, టెన్షన్ తగ్గడానికి వాడే కొన్ని మాత్రలు నోటిని ఎండబెడతాయి, రోహిణి కార్తె ఎండల్లో ఇంకా ఎక్కువ తెలుస్తుంది. అలాంటి వాళ్ళు నీళ్ళు గుటక గుటకగా తాగుతూ ఉండటం, ఆల్కహాల్ లేని మౌత్‌వాష్ ఎంచుకోవడం మేలు. ఇంకో మాట, నోట్లో మనకు మేలు చేసే సూక్ష్మజీవులు కూడా ఉంటాయి, ఆకుకూరల్లోని నైట్రేట్‌ను మార్చి రక్తనాళాలు సడలడానికి సాయపడేవి అందులో ఉన్నాయి. బలమైన క్లోర్‌హెక్సిడిన్ వాటినీ చంపేస్తుంది, దాన్ని వాడినప్పుడు బీపీ కాస్త పెరిగినట్టు కొన్ని పరిశోధనల్లో కనపడింది. అవసరం లేకుండా దాన్ని రోజూ వాడొద్దనడానికి ఇది ఇంకో కారణం.

మనది పొగాకు పండే నేల, వేలం కేంద్రాలు ఒంగోలు నుంచి కనిగిరి దాకా ఉన్నాయి, ఎన్నో ఇళ్ళు దాని మీదే బతికాయి, అది వేరే సంగతి. ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీ, ఎప్పుడూ నోట్లో వక్క ఉండే అలవాటు ఉన్న వాళ్ళు వాసన పోవడానికి మౌత్‌వాష్ కొంటుంటారు. వాళ్ళతో నేను నెమ్మదిగా ఒక్కటే అడుగుతాను, నోరు పూర్తిగా తెరుచుకుంటుందా అని. మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత తెరుచుకోకపోయినా, మామూలు కారానికే నోరు మండిపోతున్నా వక్క వల్ల లోపలి కండ అట్టకట్టడం మొదలైందని అనుమానించాలి. బుగ్గ లోపల, నాలుక పక్కన రుద్దినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, గడ్డ, రెండు మూడు వారాలు దాటినా మానని పుండు ఉంటే ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టరుకు చూపించండి. ఇలాంటివి మొదట్లో నొప్పి ఉండవు, అందుకే మోసం చేస్తాయి. మౌత్‌వాష్ మంట పెడుతోంది కాబట్టి పనిచేస్తోంది అనుకుని నెలలు గడిపేయడం అన్నిటికన్నా ప్రమాదం.

నెత్తురు సంగతి కూడా చెప్పాలి. తోముకునేటప్పుడు చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తే బ్రష్ మానేసి మౌత్‌వాష్‌తో సరిపెడతారు, చేయాల్సింది దానికి తిరగేసి. ఎక్కువసార్లు ఆ నెత్తురుకు కారణం చిగురు అంచున ఉన్న పాచే, మెత్తని బ్రష్‌తో అక్కడే జాగ్రత్తగా తోమాలి. వారం పది రోజులు సరిగ్గా తోమినా తగ్గకపోతే గార ఉన్నట్టే, స్కేలింగ్‌కు వెళ్ళాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

ఒంగోలు, నెల్లూరు పెద్దాసుపత్రుల్లో పళ్ళ డాక్టర్లు ఉంటారు, నెల్లూరులో డెంటల్ కాలేజీ ఉంది, అక్కడ బయట క్లినిక్కుల కన్నా ఖర్చు తక్కువలో చూస్తారు. వెళ్ళేటప్పుడు వాడుతున్న మౌత్‌వాష్ సీసా, వేసుకునే మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్ళండి. నోరు వాసన కోసమే వెళ్తుంటే ఆ పొద్దున మౌత్‌వాష్, సోంపు, ఏలకులు ఏవీ వాడకుండా వెళ్ళండి, సిగ్గుపడొద్దు, వాసన ఎక్కడి నుంచి వస్తోందో డాక్టరుకు తెలియాలంటే నోరు ఉన్నది ఉన్నట్టు ఉండాలి.